పాత బస్సును ఇల్లుగా మార్చడం: జహీరాబాద్ ప్రాంతానికి పనికొచ్చే పద్ధతులు

బస్సు ఇల్లు అన్న పేరు కింద రెండు వేర్వేరు వస్తువులు చెలామణీ అవుతుంటాయి. ఒకటి, చెలకలోనో మామిడితోటలోనో నిలబెట్టేసి ఇక కదల్చని బస్సు. రెండోది, సినిమావాళ్ల వల్ల అందరికీ తెలిసిన క్యారవాన్ లాగా ఇంజన్‌తో సహా ఊళ్లు తిరిగేది. మొదటిదాని కష్టాలు ఇల్లు కట్టుకునేవాడి కష్టాలే: ఎండ, వాన, నేల, మురుగు. రెండోదాని కష్టాల్లో సగానికి పైగా రవాణా శాఖ కాగితాల్లో ఉంటాయి. ఏది కావాలో బస్సు కొనకముందే తేల్చుకోవాలి. కొన్నాక మనసు మార్చుకుంటే పెట్టిన ఖర్చులో చాలా భాగం మట్టిలో పోసినట్టే. జహీరాబాద్ చుట్టుపక్కల పొలాలు కొని వారాంతాల్లో వచ్చిపోయే హైదరాబాద్ కుటుంబాలకు, తోట కాపలాకు ఒక గది కావలసిన రైతులకు మొదటి రకమే లాభసాటి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఒకే రోడ్డు మీద

జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఇటు హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైచిలుకు, అటు బీదర్ చాలా దగ్గర. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. పాత లెక్కలో అది 9వ నంబరు. బస్సు ఇల్లు కట్టుకోదలచినవారికి ఈ రోడ్డు ఒక వరుసలో కావలసినవన్నీ పేర్చిపెట్టింది. పడమటి కొసన పుణెలో వాహనాలను పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏఆర్‌ఏఐ సంస్థ ఉంది. తూర్పున హైదరాబాద్‌లో ఆర్టీసీ వర్క్‌షాపులు, ఇంకా ముందుకు పోతే విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్లు ఉన్నాయి. రాష్ట్రం దాటి దక్షిణానికి పోగలిగితే తమిళనాడులోని కరూర్ బస్సు బాడీలకు మరింత పేరున్న ఊరు.

జహీరాబాద్‌కు సొంత వాహన చరిత్ర కూడా ఉంది. 1942లో ఏర్పడిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సు బాడీలు కట్టేది. నగరంలో తిరిగిన డబుల్ డెక్కర్లకూ ఆ సంస్థతో సంబంధం ఉంది. అదే ఆల్విన్ 1980లలో జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో తేలికపాటి ట్రక్కుల కర్మాగారాన్ని జహీరాబాద్‌లో పెట్టింది. ఆ దశాబ్దం చివరికి అది మహీంద్రా చేతికి వచ్చింది. 2013 నుంచి అదే ఊళ్లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. పెద్ద కర్మాగారం ఉన్న చోట వెల్డింగు, లేత్, డెంటింగ్, పెయింటింగ్ తెలిసిన చేతులు పట్టణంలో సహజంగానే దొరుకుతాయి. పైగా ఇక్కడ ఆర్టీసీ డిపో ఉంది. బస్సు లోపలి ఎముకల గూడు ఎలా ఉంటుందో తెలిసిన విశ్రాంత మెకానిక్ ఒకరు తోడుంటే కొనుగోలులోనే సగం తప్పులు తప్పుతాయి.

ఇంతకుముందు చేసినవారు

తెలుగునాట ఎక్కువమంది జనం కళ్లారా చూసిన తిరిగే ఇల్లు బస్సు కాదు, పాత షెవర్లే వ్యాను. 1982 మార్చిలో తెలుగుదేశం పార్టీ పెట్టాక ఎన్.టి.రామారావు ఆ వ్యానును చైతన్య రథంగా మార్పించి, కుమారుడు హరికృష్ణ నడుపుతుంటే నెలల తరబడి రాష్ట్రమంతా తిరిగారు. పడక అందులోనే, ఉపన్యాసం దాని టాపు మీదే, స్నానం రోడ్డు పక్కన. సౌకర్యాల లెక్కన చూస్తే ఇవాళ్టి క్యారవాన్‌తో దానికి పోలికే లేదు. అయితే బండిలో ఎంత తక్కువ సామానుతో ఎంతకాలం బతకవచ్చో దాన్ని మించి చూపించిన ఉదాహరణ మనకు మరొకటి లేదు.

నిలిపి ఉంచిన బస్సుల విషయంలో దారి చూపినవి ప్రభుత్వ రవాణా సంస్థలే. 2020లో కేరళ ఆర్టీసీ పాత బస్సుల్లో బెర్తులు బిగించి మున్నార్ డిపోలో పర్యాటకులకు చౌక బసగా ఇచ్చింది. మొదట్లో రాత్రికి పడక ఒక్కింటికి వంద రూపాయలు. 2022లో తిరువనంతపురం మణక్కాడులో ఒక బడికి పాత బస్సును తరగతి గదిగా మార్చి ఇచ్చారు. కర్ణాటక ఆర్టీసీ 2020లో బెంగళూరులో తుక్కు బస్సును మహిళల మరుగుదొడ్డిగా మార్చింది. అదే ఏడాది కరోనా కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సులు సంజీవని పేరుతో పరీక్షా కేంద్రాలుగా ఊళ్లకు వెళ్లాయి. వీటిలో చాలావాటికి ఒక సౌకర్యం సమకూరింది: బస్సు ఆ సంస్థదే, స్థలమూ డిపోలోదే, పని చేసింది సొంత వర్క్‌షాపే. సామాన్యుడికి ఈ మూడూ బయట కొనుక్కోవలసినవి. వార్తల్లో కనబడే చౌక ఖర్చులను మన ఖర్చుగా ఊహించుకోకూడదు.

అమెరికాలో పాత పసుపు స్కూలు బస్సును ఇల్లుగా మార్చుకోవడం ఒక పెద్ద సరదా, దానికి స్కూలీ అని ముద్దుపేరు. అలాస్కా అడవిలో వదిలేసిన 142వ నంబరు బస్సు కథ పుస్తకంగా, సినిమాగా ప్రపంచమంతా తిరిగింది. 1960ల మొదట్లో రోడ్డు పనివాళ్లు ఉండడానికి పొయ్యి, మంచాలు పెట్టి తీసుకెళ్లిన బస్సది; చూడడానికి పోయినవాళ్లు ప్రమాదాల్లో చిక్కుకుంటున్నారని 2020 జూన్‌లో హెలికాప్టర్‌తో ఎత్తుకెళ్లారు. ఈ బస్సుల వీడియోలు చూసి పని మొదలుపెట్టేవారికి ఒక హెచ్చరిక. అవి చలిదేశపు ఇళ్లు. అక్కడ లోపలి వేడి బయటికి పోకుండా చూస్తారు. మనకు కావలసింది బయటి వేడి లోపలికి రాకుండా చూడడం. కట్టెపొయ్యి, చిన్న కిటికీలు, నలువైపులా బిగించిన చెక్క పలకలు ఏప్రిల్ నెల జహీరాబాద్‌లో మనిషిని ఉడకబెడతాయి.

ఎక్కడ కొనాలి, ఏం చూడాలి

ఆర్టీసీ బస్సు మీద అందరికీ మోజు ఉంటుంది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే శాఖ కింద 27 బస్సులతో మొదలైన సంస్థ కదా, దాని బండి ఒకటి పెరట్లో ఉండాలన్న కోరిక అర్థమవుతుంది. కానీ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం ప్రభుత్వాలకు, ప్రభుత్వ రవాణా సంస్థలకు చెందిన 15 ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగదు; వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాల ద్వారానే వదిలించుకోవాలి. అందువల్ల చెక్కుచెదరని ఆర్టీసీ బస్సు నేరుగా చేతికి రావడం కష్టమైంది.

ప్రైవేటు మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి. రాత్రి సర్వీసులకు తిరిగిన ట్రావెల్స్ బస్సులు లోపల అందంగా ఉంటాయి, ఇంజన్ మాత్రం లక్షల కిలోమీటర్లు తిరిగి అరిగిపోయి ఉంటుంది. స్కూళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు అమ్మే బస్సులు దీనికి తలకిందులు: రోజుకు రెండు ట్రిప్పులు, సెలవుల్లో విశ్రాంతి, కాబట్టి తిరిగిన దూరం తక్కువ. నిలబెట్టి ఉంచే ఇంటికి ఇంజన్‌తో పనే లేదు గనుక బాడీ గట్టిగా ఉంటే చాలు, ఇంజన్ చెడిన బస్సు ఇంకా చౌక. తోట దాకా లాక్కెళ్లే ఖర్చును మాత్రం బేరంలోనే కలుపుకోవాలి.

చూడవలసింది తుప్పు. పైన కొత్త పెయింటు కొట్టి మెరిపించిన బస్సును నమ్మకూడదు. బండి కిందికి దూరి, చిన్న సుత్తితో అడ్డపైపుల మీద తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము డొల్లగా మోగుతుంది. చక్రాల పై గుంతలు, ఫుట్‌బోర్డు మెట్లు, బ్యాటరీ పెట్టె, వెనక సీటు కింది మూల, కిటికీల దిగువ అంచు: నీరు నిలిచేది ఈ చోట్లే, తుప్పు మొదలయ్యేదీ ఇక్కడే. లోపల ఫ్లోరింగ్ ఒక మూల పైకెత్తి కింది ప్లైవుడ్‌ను వేలితో నొక్కి చూడాలి. టాపు మీద క్యారియర్ ఉన్న బస్సయితే దాని బోల్టుల చుట్టూ వాన కారిన గోధుమరంగు చారలు లోపలి సీలింగు మీద దొరుకుతాయి.

కాగితాల్లో ఆర్సీ అసలుది, ఫైనాన్స్ తీరినట్టు ఎన్‌వోసీ, పన్ను బకాయిలు లేనట్టు రసీదు, పెండింగ్ చలాన్ల వివరం తప్పనిసరి. సరిహద్దులోని చిరాగ్‌పల్లి అవతల కర్ణాటక రిజిస్ట్రేషన్ బస్సులు చౌకగా దొరికినా, రాష్ట్రం మార్పుకు వేరే ఎన్‌వోసీ, వేరే పన్ను ఉంటాయి.

చట్టం

కదలని బస్సుకు దారి సూటిగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 55వ సెక్షన్ ప్రకారం వాహనం ఇక వాడకానికి పనికిరాదని యజమాని 14 రోజుల్లో రవాణా అధికారికి తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. రద్దయ్యాక పన్ను, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ బాధలు పోతాయి. ఈ పని చేయకుండా బస్సును ఊరికే పొలంలో పడేసినవారి మీద పన్ను బకాయి ఏళ్ల తరబడి పెరుగుతూ పోతుంది.

నేల సంగతి వేరు. చక్రాలున్నాయి కనుక ఇది కట్టడం కాదని వాదించవచ్చు. కానీ సెప్టిక్ ట్యాంకు తవ్వి, కరెంటు మీటరు పెట్టి, పక్కన వరండా వేసిన తర్వాత ఆ వాదన నిలబడదు. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి 2006 నాటి చట్టం కింద అనుమతి, అందరూ నాలా అనేది, తీసుకోవాలి. అద్దెకు ఇచ్చే విడిదిగా నడపదలిస్తే పంచాయతీ అనుమతి కూడా ముందే తెచ్చుకోవడం మంచిది.

తిరిగే ఇంటికి వస్తే అసలు ముడి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్. తయారీదారు నిర్ణయించిన స్వరూపానికి, ఆర్సీలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను కచ్చితంగా అమలు చేయాలని తీర్పిచ్చింది. అందుకని 50 సీట్ల బస్సులో సీట్లు పీకేసి మంచం, వంటగట్టు బిగించి, ఆర్సీలో మాత్రం బస్సుగానే ఉంచి రోడ్డెక్కడం నేరం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటే చాలు. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. ఆ ప్రమాణం ప్రకారం ధ్రువపత్రం తెచ్చుకోగల బాడీ బిల్డర్ చేత పని చేయించి, ఆర్సీలో వాహన తరగతి మార్పించుకోవడమే నికరమైన దారి. సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ వ్యాను నాన్ ట్రాన్స్‌పోర్ట్ జాబితాలోకి వస్తుంది. పని మొదలుపెట్టకముందే నమూనా గీసుకుని సంగారెడ్డి రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును కలవాలి. అయిన పనికి ఆమోదం అడగడం కంటే కాబోయే పనికి అడగడం ఎప్పుడూ తేలిక. నడిపేవారికి హెవీ లైసెన్సు ఉండాలి.

రంగుల్లోనూ రెండు చిక్కులున్నాయి. స్కూలు బస్సు పసుపు రంగును అలాగే వదిలేయకూడదు. ముదురు ఆలివ్ ఆకుపచ్చ రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే చెందిన రంగు. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం వారాహి రంగు మీద ఈ నిబంధన చుట్టూనే పెద్ద రచ్చ జరిగింది. ఆ రంగు వేరని, నిబంధనలకు లోబడే ఉందని చెప్పి తెలంగాణ రవాణా శాఖ రిజిస్ట్రేషన్ ఇచ్చింది. తెలుపు కొట్టుకుంటే ఏ గొడవా లేదు, చల్లదనం అదనం.

కొలతలు, బరువు

మామూలు బస్సు 11 నుంచి 12 మీటర్ల పొడవు; వెడల్పు చట్టప్రకారం 2.6 మీటర్లు దాటదు. డ్రైవరు క్యాబిన్ పోగా లోపల మిగిలే నేల దాదాపు 240 చదరపు అడుగులు. తెలంగాణ ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. అంటే అందులో సగం కూడా లేదు. ఇద్దరికి హాయి, నలుగురికి సర్దుబాటు, అంతకు మించితే పక్కన పందిరి వేసుకోక తప్పదు. లోపలి ఎత్తు ఆరడుగుల పైచిలుకే ఉంటుంది. నేలకు, పైకప్పుకు ఇన్సులేషన్ వేశాక మూడు నాలుగు అంగుళాలు తగ్గుతుంది. పొడుగాటివాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

తిరిగే బస్సుకు ప్రతి వస్తువునూ ప్రయాణికుల లెక్కలో తూచుకోవడం మంచి అలవాటు. వాహన లెక్కల్లో ఒక ప్రయాణికుడు 68 కిలోలు. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు పెడితే దాదాపు 15 మందిని శాశ్వతంగా ఒకే మూల నిలబెట్టినట్టు. ఇటువైపు ఇళ్లన్నింటిలో తాండూరు బండలు పరవడం అలవాటు గనుక చాలామందికి బస్సులోనూ అవే కావాలనిపిస్తుంది. అంగుళం మందం బండ చదరపు మీటరుకు 65 కిలోల దాకా తూగుతుంది. మొత్తం నేలకు టన్నున్నర, ఇరవై మంది పైమాటే. పైగా బండి ఊగినప్పుడల్లా బండల అతుకులు విరుగుతాయి. నిలిచి ఉన్న బస్సులో బండలు నిక్షేపంగా వేసుకోవచ్చు, వేసవిలో పాదాలకు హాయి. తిరిగే బస్సుకు మెరైన్ ప్లై, దాని మీద వినైల్ షీటు చాలు.

బరువైనవన్నీ కిందికి, రెండు ఇరుసుల మధ్యకు రావాలి. నీళ్ల ట్యాంకు టాపు మీద పెడితే ధార బాగా వస్తుందనుకోవడం నిలిచిన బస్సుకే చెల్లుతుంది. మలుపుల్లో అది బండిని పడదోస్తుంది.

ఎండ

జహీరాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన, పీఠభూమి మీద ఉంది. రాత్రుళ్లు హైదరాబాద్ కంటే కాస్త నయం. చలికాలంలో పక్కనున్న కోహిర్ రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటిగా పత్రికల్లోకి ఎక్కుతుంటుంది. అయినా బస్సు ఇల్లు ఇక్కడ గెలిచేదీ ఓడేదీ మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఉన్న కాలంలోనే. పలచని రేకు పైకప్పు మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాగుతుంది. ఎంత ఇన్సులేషన్ వేసినా ఆ రేకు మీద నేరుగా ఎండ పడనిచ్చినంత కాలం ఓటమే. మొదటి మందు నీడ.

బస్సు టాపుకు అడుగున్నర, రెండడుగుల ఎత్తులో జీఐ పైపుల మీద మరో కప్పు వేయాలి. రెండింటి మధ్య గాలి ఆడాలి. ఆ కప్పును పడమర, దక్షిణాల వైపు నాలుగైదు అడుగులు ముందుకు దించితే వరండా కూడా అమరుతుంది, గోడల మీద సాయంకాలపు ఎండ పడదు. చెరకు ఎక్కువ పండే ప్రాంతం కనుక చెరకాకు కప్పుదామనే ఆలోచన వస్తుంది. చల్లగా ఉంటుంది, కాని నిప్పుకూ ఎలుకలకూ ఆహ్వానం. రేకు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు దానికంటే మేలు. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం భవనాలకు చెప్పిన సూత్రం బస్సుకు అక్షరాలా వర్తిస్తుంది.

నిలబెట్టే దిక్కు మీద ఆలోచన పెట్టినవారికి ఏసీ బిల్లు బాగా మిగులుతుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పెద్ద గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగి, పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ పొట్టి వైపులకే తగులుతాయి. ముందు అద్దం బస్సులోకెల్లా పెద్ద పొయ్యి. దాన్ని తూర్పుకు తిప్పి, బయటి వైపు నుంచి చాప గానీ షేడ్ నెట్ గానీ కట్టాలి. లోపలి వైపు కర్టెన్ వేస్తే వేడి అప్పటికే లోపలికి వచ్చేసినట్టు. పక్క కిటికీల్లో సగం రేకుతో మూసేయవచ్చు, ఉత్తరం వైపువి మాత్రం ఉంచుకోవాలి.

ఇన్సులేషన్‌లో పఫ్ ఫోమ్ స్ప్రే అన్ని సందుల్లోకీ పోతుంది, తుప్పు మీదికి తడి చేరనివ్వదు. కానీ అంటుకుంటే విషపు పొగ. దాన్ని బయటికి కనబడేలా వదలకుండా సిమెంటు బోర్డు వంటి మండని పలకతో మూసేయాలి. రాక్‌వూల్ మండదు, అయితే తడిస్తే బరువెక్కి కిందికి జారుతుంది. థర్మోకోల్ చౌక, ఎలుకలకు ఇష్టం. ఏది వేసినా ఇనుప పైపుల మీద నేరుగా లోపలి ప్లై కొట్టకూడదు. పైపులే వేడిని లోపలికి మోసుకొస్తాయి. పైపుకు, ప్లైకి మధ్య రబ్బరు ఫోమ్ పట్టీ ఒకటి అతికించడానికి పట్టేది ఒక పూట పని. చలికాలంలో ఊపిరి తేమ చల్లటి రేకు మీద నీటిబొట్లయి పలకల వెనక తుప్పు పట్టిస్తుంది. అందుకే రాత్రి ఎంత చలేసినా టాపులోని గాలి గూడును పూర్తిగా మూసేయకూడదు.

నేల, వాన

ఈ ప్రాంతంలో ఒక పొలం ఎర్ర నేల అయితే దాని పక్కదే నల్లరేగడి కావచ్చు. ఎర్ర గట్టినేల మీద బస్సు ఏళ్ల తరబడి కదలదు. నల్లరేగడిలో మొదటి వానాకాలమే ఒక చక్రం దిగబడి బస్సు పక్కకు వాలుతుంది; తలుపులు పట్టేస్తాయి, కిటికీ అద్దాలు చిట్లుతాయి. అక్కడ రేగడి మట్టి తీసేసి, మొరం పోసి దట్టించి, ఛాసీ కింద నాలుగైదు చోట్ల కాంక్రీటు దిమ్మెలు కట్టి, జాకీలతో లేపి బరువంతా వాటి మీద నిలపాలి. టైర్లకు బరువు ఉండకూడదు. టైర్లు చీకిపోయి, కమాన్ పట్టీలు సాగిపోయి ఇల్లు అంగుళం అంగుళం కుంగడం అప్పుడే ఆగుతుంది.

కారడం దాదాపు ఎప్పుడూ రంధ్రాల దగ్గరే. పాత క్యారియర్, నిచ్చెన, ఏరియల్ బోల్టులన్నీ తీసేసి వెల్డింగుతో మూయించి, మిగిలిన అతుకులకు పీయూ సీలెంట్ పూయాలి. కిటికీల రబ్బరు బీడింగ్ మార్చక తప్పదు.

కరెంటు, నీళ్లు, మురుగు

బస్సు ఇంట్లో కరెంటుకు మామూలు ఇంటికంటే ఒక ప్రమాదం ఎక్కువ: గోడలన్నీ ఇనుమే. ఒక్క వైరు తొడుగు చిట్లితే ఇల్లంతా షాక్. బాడీకి ప్రత్యేకంగా ఎర్త్ రాడ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పైపుల్లోంచి తీసిన వైరింగు లేకుండా మీటరు బిగించుకోకూడదు. రేకు అంచు దాటే ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి. బస్సు పాత 24 వోల్టుల వైరింగును పూర్తిగా పీకేయడమే మేలు, అతుకుల మీద అతుకులతో అది మంటకు మూలం.

టాపు మీది రెండో కప్పు మీద 540 వాట్ల సోలార్ పలకలు ఆరు సులువుగా పడతాయి. మన ఎండకు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన పన్నెండు యూనిట్ల పైన వస్తుంది. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, మోటారు పోను రాత్రికి కొన్ని గంటలు టన్ను ఏసీ కూడా నడుస్తుంది, బ్యాటరీలు అంత పెద్దవయితే. కోతులు తిరిగే ఊళ్లలో పలకల వైర్లను ఇనుప గొట్టంలో దాచాలి. ఈ ఖర్చును ఏ అమ్మకందారుడూ అంచనాలో రాయడు.

మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు నూరు లీటర్లు లెక్కగట్టింది. నలుగురికి నాలుగు వందలు. కదలని బస్సుకు ట్యాంకును పక్కన దిమ్మె మీద పెట్టి పైపు లోపలికి తీసుకోవాలి. తిరిగే బస్సులో అదే కుటుంబం మనిషికి ముప్పై నలభై లీటర్లతో సర్దుకోవడం నేర్చుకుంటుంది, లేదా ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆగుతుంది.

మరుగుదొడ్డిని బస్సు లోపల పెట్టాలన్న పట్టుదల చాలా ఇళ్లను చెడగొట్టింది. 240 చదరపు అడుగుల్లో ముప్పై దానికి పోతాయి, తడి ఎప్పటికీ ఆరదు, ఇనుప నేల కుళ్లుతుంది. నిలిపిన బస్సుకు పది అడుగుల దూరంలో ఇటుకతో చిన్న గది కట్టి, సిమెంటు రింగులతో రెండు గుంతలు తవ్వి, ఒకటి నిండాక రెండోదానికి మళ్లించే పద్ధతి పల్లెల్లో అందరికీ తెలిసిందే, చౌకైనదే. లోపలే కావాలంటే, రైలు పెట్టెల్లో వాడుతున్న, డీఆర్‌డీవో రూపొందించిన బయో టాయిలెట్ రకం ట్యాంకును నేల కిందికి అమర్చుకోవచ్చు.

నిప్పు

2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొన్న వోల్వో బస్సు అంటుకుని 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర మరో రాత్రి బస్సు తగలబడింది. రెండు ఘోరాల్లోనూ మనుషులు నిద్రలో ఉన్నారు, బయటపడే దారి వెతుక్కునేలోపు పొగ కమ్మేసింది. ఇల్లుగా మారిన బస్సులోనూ మనుషులు నిద్రపోతారు. అందుకే అత్యవసర ద్వారానికి అడ్డంగా బీరువా, మంచం పెట్టకూడదు. పడక వెనక వైపు అయితే వెనక అద్దం లోపలి నుంచి తెరుచుకునేలా మార్చాలి, సుత్తి చేతికి అందేంత దగ్గరలో ఉండాలి.

వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే నేల మీద, డిక్కీలో పేరుకుంటుంది. సిలిండరును బయట గూటిలో పెట్టి, ఆ గూటికి అడుగున రంధ్రాలు వదలాలి. పాత డీజిల్ ట్యాంకును కదలని బస్సు నుంచి ఊడదీయాలి; ఖాళీ ట్యాంకు దగ్గర వెల్డింగు చేయడం నిండు ట్యాంకు దగ్గర చేయడంకంటే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది. వెల్డింగు పనులన్నీ ఫోమ్ కొట్టకముందే ముగియాలి. డ్రై పౌడర్ ఆర్పే సిలిండర్లు రెండు, ఒకటి పొయ్యి దగ్గర, ఇంకొకటి పడక దగ్గర.

నిర్వహణ

మృగశిర కార్తెకు ముందు టాపు మీద సీలెంట్ చూసుకోవాలి, దసరా వెళ్లాక అడుగుభాగానికి రెడ్ ఆక్సైడ్ పూయాలి. చెరకు నరికే కాలంలో పొలాల్లోంచి లేచిన ఎలుకలు పక్కనున్న బస్సు అడుగుకు చేరతాయి. నేలలోని ప్రతి రంధ్రానికీ, పాత గేర్ రాడ్ సందుకూ, పెడల్ సందులకూ ఇనుప జాలీ వెల్డింగు చేయించి ఉంటే ఆ బెడద ఉండదు. దిమ్మెల చుట్టూ గడ్డి పెరగనివ్వకపోతే పాములు కూడా దూరంగా ఉంటాయి. ఇల్లు విసుగెత్తి అమ్మదలచినప్పుడు నిలిపిన బస్సుకు ఇంటి ధర రాదు, ఇనుము ధర వస్తుంది. రిజిస్ట్రేషన్ రద్దు కాగితం భద్రంగా ఉంటే కొనేవాడు రెండో ప్రశ్న వేయడు.